నా ఆట తెలియక కొన్న ప్యాడిల్

పికిల్‌బాల్ డబుల్స్‌లో మనం కొట్టి గెలుచుకునే పాయింట్లకంటే ఎదుటివాళ్లు పోగొట్టుకోవడం వల్ల మనకొచ్చే పాయింట్లే ఎక్కువ. బంతి వలకి తగులుతుంది, గీత దాటి పడుతుంది, లేదా భుజమెత్తున తేలి ఎదుటివాళ్లు బాదడానికి వీలుగా అందుతుంది. మన కాలనీ కోర్టుల్లో ర్యాలీలు చాలావరకు ఈ మూడు రకాలుగానే ముగుస్తాయి. ఈ సంగతి అర్థం కాకముందే నేను ప్యాడిల్ కొన్నాను. నా మనసులో ఉన్న ఆటకి సరిపోయేది కొన్నాను. కోర్టులో నేను నిజంగా ఆడే ఆట వేరు. అంతటితో ఆగినా బాగుండేది. అలాంటిదే మరొకటి తెప్పించి మా అక్క చేతిలో పెట్టాను. డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు. ఆమె మోచేతి నొప్పి పడినందుకే ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఈ ఆట మొదలుపెట్టినవాళ్లలో చాలామందిలాగే నేనూ బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాణ్ని. మోకాళ్లు సహకరించని వయసు వచ్చాక, కోర్టు వదలడానికి మనసొప్పక, ఇటు మళ్లాను. కోర్టు చూస్తే కొత్తగా అనిపించలేదు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుదీ, పికిల్‌బాల్ కోర్టుదీ ఒకే కొలత: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మా అపార్ట్‌మెంట్‌లో పాత బ్యాడ్మింటన్ కోర్టు మీదే కొత్త గీతలు గీశారు. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ ఈ ఆటకి రూపమిచ్చింది కూడా ఇంటి పెరట్లో ఉన్న పాత బ్యాడ్మింటన్ కోర్టు మీదే.

ఆ పోలికే నన్ను తప్పుదారి పట్టించింది. బ్యాడ్మింటన్ వల ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. షటిల్ నేల తాకకముందే తలమీదుగా కిందికి కొడతాం. పికిల్‌బాల్ వల అంచుల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34. వల తగ్గింది కదా, కొట్టడం ఇంకా తేలిక అనుకున్నాను. కానీ ఇక్కడ బంతి నేలమీద పడి తక్కువగా లేస్తుంది. ఎక్కువసార్లు మోకాలి దగ్గరో తొడ దగ్గరో, అంటే వలకి కిందే అందుతుంది. కింద నుంచి పైకి లేపాల్సిన బంతిని బలంగా కొడితే ఏమవుతుందో మొదటి పేరాలోనే చెప్పాను. పైగా వలకి రెండు వైపులా ఏడేసి అడుగుల జాగా ఉంటుంది, కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. సర్వీసు బంతీ, దాని తిరుగు బంతీ రెండూ నేల తాకాకే కొట్టాలి. దీనివల్ల సర్వీసు చేసిన జట్టు వెనకే ఉండిపోతుంది, ఎదుటి జట్టు ముందుకొచ్చి కిచెన్ గీత మీద నిలబడుతుంది. అక్కణ్నుంచి మనం ముందుకు వెళ్లాలంటే మూడో షాట్‌ని మెత్తగా, వల దాటగానే కిందికి దిగేలా వేయాలి. బలమున్న చేతికంటే నెమ్మదించడం తెలిసిన చేతికి ఈ ఆటలో విలువ ఎక్కువ.

ఇవన్నీ నేను ఆలోచించలేదు. బ్యాడ్మింటన్‌లో స్మాష్ కొట్టేవాడినని నాకు పేరు. అదే నా ఆట అనుకుని, దానికి తగ్గట్టే వెతికాను. పదహారున్నర అంగుళాల పొడవు, ఏడున్నర వెడల్పు, 14 మిల్లీమీటర్ల మందం, గరుకు కార్బన్ ముఖం, బరువు 235 గ్రాముల దగ్గర. మన దగ్గర రెండు వేల రూపాయలకీ ప్యాడిల్ దొరుకుతుంది, ఇరవై వేలకీ దొరుకుతుంది. నేను పై అంచుకి దగ్గరగా వెళ్లాను. ప్రొఫెషనల్స్ చేతుల్లో అలాంటివే చూశాను, అదొక్కటే నా ఆధారం.

ప్యాడిల్ లోపల ఏముందో తెలుసుకుని ఉంటే ఆ కొలతలు చూడగానే ఆగేవాణ్ని. తొలి ప్యాడిల్స్ ప్లైవుడ్ కోసి చేసినవి. 1984లో బోయింగ్‌లో పనిచేసిన ఆర్లెన్ పరాంటో అనే ఇంజనీరు విమానాల నేలకి వాడే తేనెపట్టు గదుల పలకని తీసుకుని, తేలికైన, గట్టి ప్యాడిల్ చేశాడు. ఇప్పటి ప్యాడిల్స్‌లో ఎక్కువ వాటికి అదే పద్ధతి: మధ్యలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన షట్కోణపు గదులు, రెండు వైపులా కార్బన్ లేదా ఫైబర్‌గ్లాస్ పొర. మధ్య భాగం మందం ఎక్కువైతే, అంటే 16 మిల్లీమీటర్లైతే, బంతి తెచ్చిన వేగాన్ని అది ఎక్కువగా మింగుతుంది. బంతి మెల్లగా వెనక్కి వెళుతుంది. పలచబడేకొద్దీ, 14కో 13కో వచ్చేసరికి, బంతి చురుగ్గా ఎగురుతుంది. ఫైబర్‌గ్లాస్ ముఖం ఆ చురుకుని ఇంకా పెంచుతుంది. గరుకు కార్బన్ ముఖం బంతిని తిప్పడానికి సాయపడుతుంది. ఆ గరుకు కొన్ని నెలల ఆటతో అరుగుతుంది, అది వేరే సంగతి.

ఆకారం విషయంలో నిబంధన ఒకటుంది, కొనేవాళ్లంతా దాన్ని గుర్తుపెట్టుకుంటే మేలు. ప్యాడిల్ పొడవూ వెడల్పూ కలిపి 24 అంగుళాలు దాటకూడదు, పొడవు 17 దాటకూడదు. మందానికీ బరువుకీ హద్దు లేదు. అంటే పొడవులో అంగుళం సంపాదిస్తే వెడల్పులో అంగుళం వదులుకోవాలి. పొడవాటి ప్యాడిల్‌తో దూరపు బంతి అందుతుంది, పిడి పెద్దది కాబట్టి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కి జాగా ఉంటుంది, కొన వేగంగా కదులుతుంది కాబట్టి దెబ్బకి బలం వస్తుంది. బదులుగా ముఖం ఇరుకవుతుంది. బంతి మధ్యలో కాక అంచుకి తగిలితే ప్యాడిల్ చేతిలో మెలితిరుగుతుంది, బంతి అనుకున్న దిక్కుకి పోదు. బరువు కొనవైపు ఉండటంతో వల దగ్గర బంతులు చకచకా వస్తున్నప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పడం ఆలస్యమవుతుంది. దీన్ని కొలవడానికి స్వింగ్ వెయిట్ అనే అంకె చెప్తారు. 110కి కాస్త అటూ ఇటూ ఉంటే చెయ్యి తేలిగ్గా తిరుగుతుంది. 120 దాటినవి, తూకంలో తక్కువున్నా, ఆడుతున్నప్పుడు బరువనిపిస్తాయి. నేను కొన్నది ఆ రెండో రకం. కాటాలో తూచినప్పటి గ్రాములే చూశాను, ఈ అంకె చూడలేదు.

మొదట్లో బాగానే అనిపించింది. వెనక నుంచి కొట్టిన డ్రైవ్‌లు దూసుకెళ్లేవి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు వాటికి తడబడేవారు, దాంతో నా ఎంపిక సరైనదని నమ్మకం కుదిరింది. కాస్త ఆట వచ్చినవాళ్లు ఎదురయ్యేసరికి లెక్క మారింది. వాళ్లు నా డ్రైవ్‌ని ప్యాడిల్ అడ్డుపెట్టి మెత్తగా కిచెన్‌లో పడేసేవారు. ఆ బంతిని నేను లేపితే ఎత్తుగా తేలేది. ఎదుటివాళ్లు దాన్ని నా జోడీదారు కాళ్ల మీదకి కొట్టేవారు. నా జోడీ మా అక్క. నేను లేపిన బంతులకి దెబ్బలు తిన్నది ఆమె. పాయింటు పోగానే "సారీ అక్కా" అనేవాణ్ని, తర్వాత ఇంకా బలంగా కొట్టేవాణ్ని.

అక్క ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తుంది. చిన్నప్పుడు బడిలో టెన్నికాయిట్ ఆడింది, జిల్లా స్థాయి దాకా వెళ్లింది. ఆ రబ్బరు రింగుని పట్టిన చేత్తోనే ఆగకుండా ఎదుటివాళ్లు లేని చోటికి వేయాలి. ఆ ఆటకి చెయ్యి మెత్తగా ఉండాలి, కళ్లు ఖాళీ జాగా వెతకాలి. పికిల్‌బాల్‌లో కిచెన్ దగ్గరి ఆటకి కావలసింది సరిగ్గా ఇదే. ఆమె మొదలుపెట్టింది ఎవరో వాడి పక్కన పెట్టిన మామూలు వెడల్పు ప్యాడిల్‌తో. దానితో డింక్, అంటే ఎదుటి కిచెన్‌లో పడేలా వేసే మెత్తటి షాట్, ఎంత చక్కగా వేసేదో నాకు అప్పుడు కనిపించలేదు. "దెబ్బలో బలం లేదక్కా, ప్యాడిల్ మార్చాలి" అని నేనే అన్నాను. నాలాంటిదే తెప్పించి ఇచ్చాను. పిడి చుట్టుకొలత కూడా చూడలేదు.

కొన్ని వారాలకి ఆమె ఆట తగ్గిపోయింది. బంతి ఎగిరిపోతోందని, చెయ్యి చెప్పినట్టు వినడం లేదని ఒకటి రెండుసార్లు అంది. అలవాటవుతుందిలే అన్నాను. తర్వాత రావడమే తగ్గించింది. పరీక్ష పేపర్లు దిద్దాలని, ఊళ్లో పెళ్లి ఉందని చెప్పేది. ఒకరోజు ఇంటికి వెళితే బావగారు చెప్పారు, బోర్డు మీద రాయడానికి కుడిచెయ్యి ఎత్తలేకపోతోందని, మూత తిప్పలేకపోతోందని. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అంత ఇష్టంగ తెచ్చినవ్ తమ్మీ. బరువైతుందని ఎట్ల చెప్పాలె?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఫిజియోథెరపిస్టు చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. మణికట్టుని వెనక్కి లేపే కండరాలు మోచేతి బయటివైపు ఎముక మొన దగ్గర అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర మాటిమాటికీ గుంజితే అక్కడి టెండన్ దెబ్బతింటుంది. పిడి సన్నగా ఉంటే అది జారకుండా పట్టడానికి వేళ్లు ఎక్కువ బిగుస్తాయి, ముంజేయి ఆడినంతసేపూ ఆ బిగువులోనే ఉంటుంది. ఇరుకు ముఖం మెలితిరిగిన ప్రతిసారీ దాన్ని నిలబెట్టడానికి అదే కండరం పనిచేస్తుంది. కొనబరువు దీనికి తోడు. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టి చెయ్యెత్తి రాసిన చేతికి నేను ఇచ్చింది ఇది. నాకూ నొప్పి ఉండేది. బ్యాడ్మింటన్ రాకెట్ 80, 90 గ్రాములుంటుంది. అంతకి రెండున్నర రెట్లకి మించిన బరువుతో అదే మణికట్టు విసురు విసిరితే చెయ్యి ఊరుకోదు. నాది బడాయి నొప్పి కాబట్టి దాచుకున్నాను. ఆమె నన్ను నొప్పించకూడదని దాచుకుంది.

అప్పుడు చేసిన పని మొదటే చేయాల్సింది. కోర్టు వెనక కంచెకి ఫోన్ కట్టి మా ఆటని వీడియో తీశాను. ఇంటికి తెచ్చి నెమ్మదిగా చూశాను, ప్రతి ర్యాలీ ఎక్కడ ఎలా ముగిసిందో కాగితం మీద రాసుకున్నాను. నేను స్మాష్ ఆటగాణ్ని అనుకున్నాను కదా, తలమీదుగా కొట్టే అవకాశమే అరుదుగా వచ్చింది. నా షాట్లలో ఎక్కువ భాగం కిచెన్ గీత దగ్గర డింకులు, ఛాతీ మీదకొచ్చిన బంతిని అడ్డుకోవడం, కోర్టు మధ్యలో కాళ్ల దగ్గర పడిన బంతిని ఎలాగో వల దాటించడం. నేను పోగొట్టిన పాయింట్లూ అక్కడే. మనకి ఇష్టమైన షాట్‌ని మన ఆట అనుకుంటాం. రోజూ మన చేత ఎదుటివాళ్లు ఆడించే షాట్ ఏదో అదే అసలు ఆట, ప్యాడిల్ దానికి కావాలి.

ఆ కాగితం పట్టుకుని కూడా వెంటనే కొనలేదు. తోటివాళ్ల ప్యాడిల్స్ అడిగి తీసుకున్నాను, ఒక్కోదాన్ని ఒక పూటంతా వాడాను. ఐదు నిమిషాల పరీక్షలో పలచటి ప్యాడిలే గెలుస్తుంది, నాలుగు డ్రైవ్‌లు కొట్టగానే మనసు దానిమీదకే పోతుంది. పూట చివర్లో, అలిసిపోయాక, కాళ్ల దగ్గర పడిన బంతి కిచెన్‌లో దిగుతోందా లేదా అన్నది చూడాలి. నాకు కుదిరింది 16 మిల్లీమీటర్ల మందం, ఎనిమిది అంగుళాల వెడల్పు, 222 గ్రాముల బరువున్న మామూలు ఆకారం. ముఖానికి రెండు వైపులా అంచు మీద కొన్ని గ్రాముల టంగ్‌స్టన్ టేపు అంటించాను. గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట అంటిస్తే మెలితిరగడం తగ్గుతుంది, కొనబరువు అంతగా పెరగదు. పైన పన్నెండు దగ్గర అంటిస్తే బలం వస్తుంది కానీ చెయ్యి నెమ్మదిస్తుంది. అంత ధర పెట్టి కొన్న పాత ప్యాడిల్‌తో ఏ షాట్ కోసం తంటాలు పడ్డానో ఆ మూడో షాట్ డ్రాప్ దీనితో కుదురుకుంది. డ్రైవ్ కాస్త తగ్గింది. తగ్గినందుకు నాకు పోయిన పాయింట్లు దాదాపు లేవు.

అక్క విషయంలో ఇంకో పొరపాటు జరగబోయింది. నొప్పి తగ్గి మళ్లీ ఆడతానన్నప్పుడు, బరువే కారణమనుకుని 205 గ్రాముల ప్యాడిల్ ఒకటి తెచ్చాను. అది మరీ తేలిక. బంతి వేగానికి ప్యాడిల్ వెనక్కి తూలుతుంది, ఆ అదురు చేతికి తగులుతుంది, బంతి దూరం పోవాలంటే ఇంకా గట్టిగా ఊపాలి. ఈసారి నిర్ణయం ఆమెకే వదిలాను. నాలుగైదు పట్టుకుని చూసి, 215 గ్రాముల వెడల్పు ముఖం, 16 మిల్లీమీటర్ల మందం ఉన్నదాన్ని ఆమే ఎంచుకుంది. పిడి సన్నదైతే దానిమీద ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేయొచ్చు, లావుదాన్ని సన్నం చేయలేం. కాబట్టి అనుమానముంటే సన్నది తీసుకుని చుట్టుకోవడమే మంచిది. అరచేతి మధ్య గీత నుంచి ఉంగరపు వేలి కొస దాకా కొలిస్తే మనకి సరిపడే చుట్టుకొలత దాదాపు తెలుస్తుంది. ఎక్కువమందికి నాలుగూ పావు అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది.

ఓవర్‌గ్రిప్ సంగతి మన వాతావరణంలో ఇంకా ముఖ్యం. విశాఖలో, విజయవాడలో ఉక్కపోతలో ఆడేవాళ్లకి చెప్పనక్కర్లేదు, ఒక్క గేముకే పిడి తడిసి జారుతుంది. జారితే బిగిస్తాం, బిగిస్తే మోచేతికే చేటు. వంద, నూటయాభై రూపాయల ఓవర్‌గ్రిప్ తరచూ మార్చుకోవడం వేల రూపాయల కార్బన్ ముఖంకంటే ఎక్కువ మేలు చేస్తుంది. నేను ఆ వందకి వెనకాడి ఆ వేలకి వెనకాడలేదు.

ఇదంతా చదివి పొడవాటి పలచటి ప్యాడిల్ చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. మా దగ్గర కాలేజీలో టెన్నిస్ ఆడిన కుర్రాడొకడు ఉన్నాడు, ఆరడుగుల మనిషి, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులా ఆడతాడు, సింగిల్స్ ఎక్కువ. కోర్టంతా ఒక్కడే కాయాలి కాబట్టి ఆ అరంగుళం అందుబాటు వాడికి కావాలి, పొడుగు పిడి కావాలి, వెనక నుంచి బలం కావాలి. నా పాత ప్యాడిల్ ఇప్పుడు వాడి దగ్గరే ఉంది, వాడి చేతిలో అది అద్భుతంగా ఆడుతుంది. టేబుల్ టెన్నిస్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకో రకం కుదురుతుంది. చూపుడు వేలు ముఖం మీద ఆనించి ఆడే అలవాటు వల్ల వాళ్లు పొట్టి పిడి, వెడల్పు ముఖం ఇష్టపడతారు. వల దగ్గర వాళ్ల చెయ్యి చాలా చురుకు. బలం మీద నడిచే ప్యాడిల్స్‌తో ఆటని శాసించగలిగినవాళ్లు లేకపోలేదు. కానీ ఆ బలాన్ని ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతికి ముందే తెలుసు. కంపెనీల మధ్య బలం పోటీ ఎంతదాకా వెళ్లిందంటే 2024లో అమెరికా పికిల్‌బాల్ సంఘం పేరున్న కంపెనీ ప్యాడిల్స్‌ని కూడా ఆమోదించిన జాబితా నుంచి తీసేసింది. ప్యాడిల్ బంతిని ఎంత వేగంతో వెనక్కి పంపుతుందో కొలిచే పరీక్షలు కొత్తగా పెట్టింది. పోటీలకి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు కొనేముందు ఆ జాబితా చూసుకోవాలి.

వాడేకొద్దీ ప్యాడిల్ మారుతుందన్నది కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్ని రకాల్లో లోపలి గదులు దెబ్బలకి నలిగిపోతాయి, లేదా పై పొర లోపలి భాగం నుంచి విడిపోతుంది. అప్పుడు బంతి ఇంకా చురుగ్గా ఎగురుతుంది. చప్పుడు మారుతుంది, ముఖం మీద వేలితో కొట్టి చూస్తే ఒక్కో చోట ఒక్కోలా వినిపిస్తుంది. ఉన్నట్టుండి మన బంతులన్నీ గీత దాటుతుంటే చేతిని తిట్టుకునే ముందు ప్యాడిల్‌ని పరీక్షించాలి.

అక్క ఇప్పుడు వారాంతాల్లో ఆడుతుంది. ఆటకి ముందు ముంజేతి వ్యాయామాలు చేస్తుంది. ఆమె పక్కన నిలబడి మెత్తగా ఆడటం నేర్చుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకి నేను చెప్పేది: 16 మిల్లీమీటర్ల మందం, వెడల్పు ముఖం, 215 నుంచి 225 గ్రాముల బరువు, చేతికి సరిపోయే పిడి. ఐదారు వేల లోపు దొరికేదాంతో కొన్ని నెలలు ఆడండి, ఒకరోజు వీడియో తీసుకుని చూడండి, ఆ తర్వాతే ఖరీదైనది ఆలోచించండి. ఇంట్లో అమ్మకో అక్కకో నాన్నకో ప్యాడిల్ కొనాలనుకుంటే వాళ్లని కోర్టుకి తీసుకెళ్లి, నాలుగు రకాలు వాళ్ల చేతికిచ్చి, వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఆడిన మర్నాడు చెయ్యి నొప్పిగా ఉందా అని మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.